214(బి) అంటే నిషేధం కాదు: వీసా సెక్షన్లపై అపోహలు - వాస్తవాలు

గత వారం గాజువాక నుంచి ఒక తండ్రి ద్వారకానగర్‌లోని మా ఆఫీసుకు వచ్చారు. కూతురికి అమెరికా స్టూడెంట్ వీసా నిరాకరిస్తూ ఇచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో ఉంచుకున్నారు. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయినా 214(బి) అన్నది మాత్రం కనిపిస్తోంది. "మా అమ్మాయిని ఇక జీవితంలో రానివ్వరట, నిజమేనా సార్?" అని అడిగారు. గొంతు వణుకుతోంది.

అపోహ: 214(బి) పడితే దారి మూసుకుపోయినట్టే.

కాదు. ఎన్నిసార్లు చెప్పినా ఈ పుకారు చావడం లేదు. 214(బి) అనేది 1952 నాటి ఇమ్మిగ్రేషన్ అండ్ నేషనాలిటీ చట్టంలో ఒక సెక్షన్. తాత్కాలిక వీసా అడిగేవారిని స్థిరపడటానికి వస్తున్నవారిగానే మొదట భావించాలి, కాదని నిరూపించుకోవాల్సింది దరఖాస్తుదారే అంటుందది. హెచ్1బి, ఎల్ అనే ఉద్యోగ వీసాలకు ఇది వర్తించదు. ఆ రోజు అధికారిని ఒప్పించలేకపోయారు, అంతే. మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు.

ఆ తండ్రికి ఒక ఏజెంటు ఇచ్చిన సలహా వింటే నాకు ఒళ్లు మండింది. "ఈసారి ఫారంలో ఆ సంగతి రాయకండి" అన్నాడట! వీసా ఎప్పుడైనా నిరాకరించారా అని వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 సూటిగా అడుగుతుంది. పాత రికార్డు అధికారి ముందే ఉంటుంది. తెలిసి అబద్ధం రాస్తే 212(ఎ)(6)(సి) సెక్షన్ కింద నిషేధం మెడకు చుట్టుకోవచ్చు. దానికి గడువు లేదు. ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప జీవితాంతం వెంటాడుతుంది. లేని నిషేధానికి భయపడి నిజమైన నిషేధాన్ని కోరి తెచ్చుకోకండి.

అపోహ: 212, 1182 అని రెండు నంబర్లు కనిపిస్తే రెండు కేసులు.

ఒకటే. చట్టంలోని 212వ సెక్షన్‌కు యు.ఎస్. కోడ్ 8వ టైటిల్‌లో ఇచ్చిన నంబరు 1182. అలాగే 214 అక్కడ 1184.

అపోహ: ఓపీటీ (చదువుకు సంబంధించిన రంగంలో విద్యార్థులు అమెరికాలో కొంతకాలం పనిచేసే అనుమతి) రాత్రికి రాత్రి రద్దయింది.

వాట్సాప్‌లో నెలకోసారి రద్దవుతూనే ఉంది. ఓపీటీ వివరాలు చట్టంలో కాదు, దాని కింద ప్రభుత్వ శాఖ రాసిన నిబంధనల్లో ఉంటాయి. వాటిని మార్చాలంటే మామూలుగా ముసాయిదా ప్రచురించి, అభిప్రాయాలు తీసుకోవాలి. హెచ్1బి వీసాలకు ఏటా 65,000 అన్న పరిమితి మాత్రం చట్టంలోనే ఉంది, దాన్ని మార్చాల్సింది అమెరికా పార్లమెంటైన కాంగ్రెసే.

ఇక నిరాకరణ కాగితం మీద కనిపించే 221(జి) సెక్షన్ అంటారా, ఇంకా కాగితాలో పరిశీలనో మిగిలి ఉందని అర్థం.

ఆ సాయంత్రం అమ్మాయితో ఫోనులో మాట్లాడాను. "ఈ కోర్సే ఎందుకు" అని ఇంటర్వ్యూలో అడిగితే నోట మాట రాలేదట. ఆ జవాబు మీద రెండు గంటలు కూర్చున్నాం. తర్వాత ఫారం తెరిచి, నిరాకరణ ప్రశ్నకు "అవును" అని పెట్టించాను. నిరాకరించిన తేదీ కోసం ఆమె పాత అపాయింట్‌మెంట్ మెయిల్ వెతికి పంపింది.