రైల్ ట్రెయిల్ మీద తప్పటడుగులు: స్ట్రోలర్ నడక గురించి అపోహలు, వాస్తవాలు

విశాఖపట్నంలో పిల్లల వైద్యురాలిగా నేను చూసే కుటుంబాలలో చాలావాటికి అమెరికాలో ఒక కొడుకో, కూతురో ఉన్నారు. మనవల ఆలనాపాలనా చూడటానికి ప్రయాణం కట్టే అమ్మమ్మలు, నాయనమ్మలు టీకాల గురించి అడిగినట్టే ఈ మధ్య "రైల్ ట్రెయిల్" గురించి కూడా అడుగుతున్నారు. ఏడాదిన్నర పిల్లను స్ట్రోలర్‌లో, అంటే పిల్లలను తోసుకెళ్ళే చక్రాల బండిలో, కూర్చోబెట్టుకుని పది కిలోమీటర్లు నడుస్తామని అల్లుడు ఫోనులో చెబితే వారికి సహజంగానే దిగులు పుడుతుంది. ఆ దిగులులో కొంత అనవసరం, కొంత చాలా అవసరం.

అపోహ: రైల్ ట్రెయిల్ అంటే రైలు పట్టాల వెంట నడవడం.

రైళ్ళు తిరగడం శాశ్వతంగా మానేసిన మార్గంలో పట్టాలను, స్లీపర్లను తొలగించి, ఆ కట్ట మీద సన్నని రాతిపొడిని గాని తారును గాని పరచి, నడిచేవారికీ సైకిళ్ళకూ విడిచిపెట్టిన బాటనే రైల్ ట్రెయిల్ అంటారు. విస్కాన్సిన్ రాష్ట్రంలో 1960ల దశకంలోనే రూపుదిద్దుకున్న ఎల్రాయ్–స్పార్టా బాట సుమారు 51 కిలోమీటర్ల పొడవున, మూడు సొరంగాల గుండా సాగుతుంది. అరకు మీదుగా వెళ్ళే మన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం అటువంటిది కాదు. దాని మీద ప్రయాణికుల రైళ్ళూ, ఇనుప ఖనిజం మోసే గూడ్సు బండ్లూ నేటికీ తిరుగుతున్నాయి. బొర్రా, అరకు పరిసరాలలో పిల్లలను పట్టాల మీద నిలబెట్టి ఫొటోలు తీసే తల్లిదండ్రులను చూసినప్పుడల్లా నాకు గుండె జారుతుంది. అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి ప్రవేశిస్తే 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం ఆరు నెలల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చట్టం సంగతి అలా ఉంచినా, స్ట్రోలర్ చక్రం కంకరలో కూరుకుపోయిన క్షణంలో వంపు అవతల నుంచి బండి వస్తే బిడ్డను బెల్టు విప్పి తీసేంత వ్యవధి ఉండదు.

అపోహ: కొండ ప్రాంతంలో బాట కాబట్టి స్ట్రోలర్ తోయడం కష్టం.

ఇక్కడ రైలే మనకు మేలు చేసింది. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద జారిపోకుండా బరువును లాగాలంటే ఎత్తు అతి నెమ్మదిగా పెరగాలి. అందుకే రైలు మార్గాలు సాధారణంగా వంద మీటర్ల దూరానికి రెండు మూడు మీటర్లకు మించి ఎక్కవు. ఆసుపత్రిలో చక్రాల కుర్చీ కోసం కట్టే ర్యాంపు పన్నెండు మీటర్లకు ఒక మీటరు ఎక్కవచ్చునని గుర్తు చేసుకుంటే, పాత రైలు బాట ఎంత మెల్లని ఏటవాలో తెలుస్తుంది. మన అరకు రైలు సముద్ర మట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ స్టేషను వరకు చేరడానికి అన్ని సొరంగాలు దూరి, కొండల చుట్టూ అన్ని మెలికలు తిరగడానికి కారణం కూడా ఇదే.

విశాఖలో ఇటువంటి బాట లేదు గనుక, ప్రయాణానికి ముందు అలవాటు కోసం శివాజీ పార్కు, సెంట్రల్ పార్కు, బీచ్ రోడ్డు కాలిబాట సరిపోతాయి. కంబాలకొండ అడవి బాటలు అందమైనవే కాని, రాళ్ళూ వేళ్ళూ ఉన్నచోట స్ట్రోలర్ ఇంట్లో వదిలి, బిడ్డను వీపు సంచిలో మోయడం మంచిది.

అపోహ: స్ట్రోలర్‌లో కూర్చోబెడితే పిల్లలకు నడక ఆలస్యమవుతుంది, కాళ్ళు వంకర పోతాయి.

రెండేళ్ళ లోపు పిల్లల కాళ్ళు కొద్దిగా విల్లులా వంగి ఉండటం, మూడు నాలుగేళ్ళకు మోకాళ్ళు దగ్గరకు రావడం చాలామందిలో పెరుగుదలలో భాగమే. దానికి స్ట్రోలర్‌తో సంబంధం లేదు. పద్దెనిమిది నెలలు నిండినా ఆసరా లేకుండా నడవకపోతే మాత్రం స్ట్రోలర్‌ను నిందించక వైద్యునికి చూపించాలి.

అయితే ఈ అపోహ వెనుక ఒక నిజం దాగి ఉంది. పిల్లలను ఏకబిగిన గంటకు మించి స్ట్రోలర్‌లో గాని, వీపున గాని కట్టి ఉంచరాదని, ఏడాది దాటినవారు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాలు ఏదో ఒక విధంగా కదులుతూ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. కనుక పది కిలోమీటర్లు నడిచామన్నది పెద్దల లెక్క మాత్రమే. బిడ్డకు అది రెండు వందల మీటర్లు నడిచి, నాలుగు రాళ్ళు ఏరి, ఒక గొంగళిపురుగు ముందు చతికిలబడిన పూట. మీరు వెళ్ళిన దారినే తిరిగి రావాలి గనుక, బిడ్డ ఉత్సాహం తగ్గకముందే వెనుదిరగండి. అన్నట్టు, మనకు ఎడమ పక్కన నడవడం అలవాటు. అమెరికాలో కుడి పక్కన నడవాలి, వెనుక నుంచి సైకిళ్ళు ఎడమ వైపుగా దాటిపోతాయి. చేయి వదిలిన బిడ్డ ఎటు పరుగెత్తుతుందో ముందే ఊహించుకోవాలి.

అపోహ: సముద్రపు గాలి ఉండగా విశాఖలో పిల్లలకు ఎండ దెబ్బ తగలదు.

నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేది ఇదే. తేమ నిండిన గాలిలో చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. మన ఊరి ఉక్కపోత అర్థం అదే. పైగా మన సముద్రం తూర్పున ఉంది. మే నెలలో బీచ్ రోడ్డు మీద సూర్యోదయం నుంచే ఎండ సూటిగా పడుతుంది. సాయంత్రమైతే భవనాల నీడ రోడ్డు మీదికి వస్తుంది. స్ట్రోలర్‌లోని బిడ్డ వేడెక్కిన తారుకు మనకంటే దగ్గరగా ఉంటుందని కూడా మరచిపోరాదు. ఎండ పడకుండా స్ట్రోలర్ మీద చున్నీ కప్పడం అందరూ ప్రేమతో చేసే పొరపాటు: గాలి ఆడక లోపల వేడి పేరుకుంటుంది, బిడ్డ ముఖం మనకు కనబడదు. పైకప్పు వేసి, పక్కలు తెరిచి ఉంచి, నీడలో ఆగుతూ వెళ్ళాలి. బిడ్డ మగతగా ఉన్నా, ఒళ్ళు కాలిపోతున్నా, చాలాసేపు మూత్రం పోయకపోయినా నడక అక్కడితో ఆపి, ఒంటిని తడిగుడ్డతో తుడుస్తూ ఆసుపత్రికి బయలుదేరాలి.

అపోహ: చెమట పట్టింది కాబట్టి ఓఆర్‌ఎస్ పెట్టె తాగించాలి.

ఓఆర్‌ఎస్ విరేచనాల వల్ల ఒంట్లో నీరు పోయినప్పుడు ఇచ్చేది. మామూలు నడకకు ఏడాది దాటిన బిడ్డకు మంచినీళ్ళు, ఇంటి ఆహారం చాలు. ఇక కొట్లలో ఆ పేరుతో అమ్మిన తీపి పానీయాల సంగతి వేరు. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి చేసిన పోరాటం తరువాత, అసలు సూత్రం ప్రకారం తయారు కాని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడరాదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది.

అపోహ: ఏ స్ట్రోలర్ అయినా ఒకటే.

గొడుగులా మడిచే తేలికపాటి స్ట్రోలర్ విమానాశ్రయానికి బాగుంటుంది. రాతిపొడి బాట మీద దాని చిన్న చక్రాలు మొరాయిస్తాయి. పెద్ద చక్రాలు, ఐదు పట్టీల బెల్టు, గట్టి బ్రేకు ఉన్నది తీసుకోండి. సంచులను పిడికి వేలాడదీయకండి. బిడ్డను దింపిన మరుక్షణం బండి వెనక్కు ఒరిగి పడుతుంది. ఇది మా ఇంటి వరండాలోనే, అయిదు కిలోల బియ్యం సంచితో నాకు అనుభవమైంది. బరువంతా సీటు కింది బుట్టలో పెట్టాలి. సొరంగాలున్న బాటకు వెళితే ఆ బుట్టలోనే ఒక టార్చి, బిడ్డకొక స్వెట్టరు ఉంచండి. వేసవిలో కూడా లోపల చీకటిగా, చల్లగా ఉంటుంది, పైనుంచి నీటి చుక్కలు పడుతుంటాయి.