ఎగిరే ఉడుత ఎగరదు: సిరోంచ అడవుల్లో వినిపించే అపోహలు, వాస్తవాలు

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరోంచ, అల్లాపల్లి వైపు అడవుల్లో రాత్రి సర్వేలు చేస్తుంటాను. ఎగిరే ఉడుత మాట ఎత్తితే చాలు, ఊళ్లో తలా ఒక కథ చెబుతారు. కొన్ని నవ్వుకుని వదిలేయొచ్చు. కొన్ని మాత్రం దాని ప్రాణం మీదికి తెస్తున్నాయి.

అపోహ: గబ్బిలంలా ఎగురుతుంది.

ఎగరదు, గాల్లో జారుతుంది. గబ్బిలానికి వేళ్లే సాగి రెక్కలయ్యాయి కాబట్టి వాటిని ఆడించి పైకి లేస్తుంది. దీనికున్నది ముంజేతి నుంచి వెనక కాలి చీలమండ దాకా సాగే బొచ్చు చర్మం. మణికట్టు దగ్గర మెత్తని ఎముక పుల్ల ఒకటి ఆ చర్మాన్ని ఇంకాస్త బయటికి చాపుతుంది, అంతే.

పొద్దుగూకాక తొర్రలోంచి తల బయటపెట్టి కాసేపు కదలకుండా చూస్తుంది. తర్వాత చెట్టు పైకంటా ఎక్కి, తల అటూ ఇటూ ఆడిస్తూ దూరం లెక్కేసుకుంటుంది. దూకగానే నాలుగు కాళ్లూ చాపేస్తుంది. అవతలి మాను దగ్గరికి రాగానే ఒళ్లు నిలువుగా లేపి వేగం తగ్గించుకుని, టప్పున అతుక్కుంటుంది. మరుక్షణం మాను వెనక్కి తిరిగిపోతుంది. గుడ్లగూబ వెంటపడుతుంటే దాన్ని తప్పించుకోవడానికి ఇది పనికొస్తుంది. టార్చి పట్టుకుని నిలబడ్డ మనకీ కనపడదనుకోండి, అది వేరే సంగతి.

20 మీటర్లు కిందికి దిగితే సుమారు 40 మీటర్లు ముందుకు పోతుంది. దూకిన ప్రతిసారీ ఎత్తు పోతుంది, మళ్లీ ఎక్కాల్సిందే. మధ్యలో చెట్లు కొట్టేస్తే నేల మీదికి దిగాలి. అక్కడ కుక్క ఎదురైతే తప్పించుకోవడం కష్టం.

అపోహ: మహారాష్ట్ర రాష్ట్ర జంతువు ఇదే.

కాదు. అది షేక్రూ, అంటే మన బెట్టుడుత. పగలు తిరుగుతుంది, కొమ్మల్లో ఆకులూ పుల్లలతో గూడు కడుతుంది, జారే చర్మం ఉండదు.

ఎగిరే ఉడుత అరుపు కీడని, అది కోళ్లను ఎత్తుకుపోతుందని అనేవాళ్లూ ఉన్నారు. మేడిపళ్లు, ఇప్పపూలు, ఆకులు, బెరడు తిని బతికేదానికి కోడితో ఏం పని?

అపోహ: అడవి పచ్చగానే ఉంది కదా, దానికేం ఢోకా లేదు.

నాకు ఎక్కువ చిరాకు తెప్పించే మాట ఇదే. ఒకే ఈడు టేకు తోట దూరం నుంచి పచ్చగానే కనిపిస్తుంది, కానీ అందులో తొర్రలుండవు, మేడి ఉండదు. తొర్ర పడాలంటే చెట్టుకు వయసు రావాలి. 'పుచ్చిపోయింది, పనికిరాదు' అని ముందుగా నరికేది ఆ చెట్టునే. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకులు కాల్చినప్పుడు మంట తొర్రలోకి పాకినా ఇల్లు పోయినట్టే. ఇది ఎలుకలా పిల్లల్ని పెట్టదు, ఈతకు సాధారణంగా ఒక్క పిల్లే. పోయినవాటి లోటు త్వరగా తీరదు.

దీని మాంసం మందు అనే మాటకు ఆధారమేమీ లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దీన్ని వేటాడటం నేరం.

అపోహ: పిల్ల దొరికితే పాలు పట్టి పెంచుకోవచ్చు.

వద్దు. ఆవుపాలు దానికి పడవు, ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరమే. చెట్టు పడి పిల్ల బయటపడితే కుక్కల్ని కట్టేసి, జనాన్ని దూరంగా పంపించండి. చీకటి పడ్డాక తల్లి వచ్చి తీసుకెళ్లే అవకాశం ఉంది. దెబ్బ తగిలినా, తల్లి రాకపోయినా అటవీ శాఖ బీట్ గార్డుకు ఫోన్ చేయండి.