వ్యాపార దావాల్లో ప్రతివాది జవాబు వేయడానికి ఈ 120 రోజుల గడువు ఎక్కడి నుంచి వచ్చింది?

వరంగల్‌లో ఏ జిన్నింగ్ మిల్లుకో, మిర్చి అడ్తికో కోర్టు సమన్లు వస్తే ముందుగా వినిపించే మాట, "వకీల్ సాబ్ చూసుకుంటడు, రెండు వాయిదాలు అయినంక జవాబు వేద్దాం" అని. ఆ ధీమా ఊరికే రాలేదు.

1987లో కాటీజీ కేసులో సుప్రీంకోర్టు, ఆలస్యాన్ని మన్నించే విషయంలో కోర్టులు ఉదారంగా ఉండాలంది. తర్వాత 2002లో సివిల్ ప్రొసీజర్ కోడ్ మార్చి, ప్రతివాది 30 రోజుల్లో, కారణముంటే 90 రోజుల్లోపు జవాబు వేయాలన్నారు గానీ, 2005లో కైలాష్ కేసులో ఆ 90 రోజులు దాటినా తగిన కారణముంటే తీసుకోవచ్చని సుప్రీంకోర్టే అనేసరికి, పిటిషన్ పెట్టి, ఖర్చులు కట్టి జవాబు వేసుకోవడం అలవాటైపోయింది. గట్టు తగాదాలకు, ఆస్తి పంపకాలకు ఆ వెసులుబాటు ఇప్పటికీ ఉంది.

వ్యాపార దావాలకు మాత్రం లేదు. లా కమిషన్ 253వ నివేదిక తర్వాత 2015లో కమర్షియల్ కోర్టుల చట్టం వచ్చింది. సమన్లు అందిన రోజు నుంచి 30 రోజులు, కోర్టు కారణాలు రాసి ఖర్చులు వేసి ఒప్పుకుంటే మొత్తం 120 రోజులు, అది దాటితే జవాబు వేసే హక్కే పోతుంది. మొదట్లో కోటి రూపాయలు, ఆపైన విలువున్న దావాలకే కాబట్టి మన దగ్గరి చిన్న వ్యాపారులకు పెద్దగా తగల్లేదు. 2018 సవరణతో ఆ హద్దును 3 లక్షలకు దించారు, అంటే ఒక లారీ పత్తి బాకీ కూడా ఇందులోకి రావచ్చు. కోట్ల కాంట్రాక్టులకు తయారుచేసిన కత్తెరను లారీ లోడు తగాదాకూ అదే పదునుతో వాడటం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

2019 ఫిబ్రవరిలో ఎస్‌సీజీ కాంట్రాక్ట్స్ కేసులో సుప్రీంకోర్టు ఇంకాస్త బిగించింది. 120 రోజులు దాటాక జవాబును రికార్డులోకి తీసుకునే అధికారం కోర్టుకే లేదు, కోర్టుకు స్వతహాగా ఉండే అధికారాల గురించి చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 151 కింద అడిగినా కుదరదు అని తేల్చేసింది. కొవిడ్ కాలానికి మాత్రం మినహాయింపు దొరికింది, 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న రోజులను గడువు లెక్కలోంచి తీసేశారు.

అసలు చిక్కు లెక్క మొదలయ్యే చోటే ఉంది. సీజన్‌లో మిల్లు ఆఫీసులో గుమాస్తా కాంటా చీటీలు రాస్తూనే పోస్ట్‌మన్ ఇచ్చిన రసీదు మీద సంతకం పెట్టి తేదీ వేస్తాడు, కవరు సొరుగులో పడుతుంది, సేఠ్ విప్పేసరికి పది రోజులు. కోర్టు సాధారణంగా చూసేది ఆ రసీదు మీది తేదీనే, మీరు వకాల్తా ఇచ్చిన తేదీని కాదు.

గడువు పోయినా అంతా పోయినట్టు కాదు. సమన్లతోపాటు దావా నకలు నిజంగా వచ్చిందా, అది చట్టం చెప్పే వాణిజ్య తగాదానేనా అని ముందు చూడాలి. అవి నిలవకపోయినా వాది సాక్షులను క్రాస్ చేయొచ్చు, అంటే ఎదురు ప్రశ్నలు అడగొచ్చు, చట్టపరమైన వాదన వినిపించొచ్చు, బాకీ ఉందని రుజువు చేయాల్సిన బరువు వాది మీదే ఉంటుంది. డిక్రీ మీద అప్పీలుకు 60 రోజులు. అక్కడ ఆలస్యాన్ని మన్నించే వీలుంది గానీ, 2021లో బోర్సే బ్రదర్స్ కేసులో చెప్పినట్టు అది కొద్దిపాటి ఆలస్యానికే, అదీ మినహాయింపుగానే, కాబట్టి అప్పీలు వేసేవాళ్లు కారణాన్ని కాగితాలతో సహా చూపించాలి.