టీవీ ముందు కూర్చున్నవాళ్లంతా ఓటేస్తారా? అమెరికా అధ్యక్ష పోటీపై అపోహలు - వాస్తవాలు

మొన్న ఆదివారం గుడి పార్కింగ్‌లో కారు తలుపు తీస్తుంటే వెనకనుంచి పిలుపు. "అక్కా, టక్కర్ కార్ల్‌సన్ 2028లో నిలబడితే గెలుస్తాడటగా? మా హెచ్1బీల సంగతేంటి?" చేతిలో పులిహోర ప్యాకెట్, మొహం నిండా టెన్షన్. నేను డాలస్ దగ్గర ఎన్నికల ప్రచార కమిటీల లెక్కలు చూస్తుంటాను. ఎవరు ఎంత చందా ఇచ్చారు, అది తీసుకోవచ్చా లేదా, ఫెడరల్ ఎన్నికల కమిషన్‌కు ఏ ఫారం ఎప్పుడు వెళ్లాలి, పొద్దున లేస్తే ఇదే పని. నన్ను అడిగే ప్రశ్న ఏళ్ల తరబడి ఇదొక్కటే. ఒకప్పుడు రేడియో ఆయన గురించి, తర్వాత టీవీ ఆయన గురించి, ఇప్పుడు పాడ్‌కాస్ట్ ఆయన గురించి.

అపోహ: అంతమంది చూస్తున్నారంటే అన్ని ఓట్లు జేబులో ఉన్నట్టే.

కొంప ముంచేది ఇదే. కార్ల్‌సన్ ఫాక్స్ న్యూస్ ఛానెల్‌లో హోస్ట్‌గా ఉన్నప్పుడు ఆయన షోకు రాత్రికి సుమారు 30 లక్షల మంది ప్రేక్షకులు. కేబుల్ వార్తల్లో అది చాలా పెద్ద సంఖ్యే. పార్టీ అభ్యర్థి ఎవరో రాష్ట్రాలవారీగా ఓటర్లే తేల్చే ఎన్నికలే ప్రైమరీలు. 2024 రిపబ్లికన్ ప్రైమరీల్లో ట్రంప్‌కు పడిన ఓట్లు కోటీ 70 లక్షలు. చూసేవాళ్లందరూ లేచి వెళ్లి ఓటేసినా ఎక్కడికి ఆనుతుంది? పైగా వాళ్లు 50 రాష్ట్రాల్లో చెల్లాచెదురుగా ఉంటారు. కొందరు తిట్టుకుంటూ చూసేవాళ్లు, కొందరు వంట చేసుకుంటూ టీవీ అలా పెట్టుకునేవాళ్లు.

మన వాళ్లు వెంటనే ఎన్టీఆర్ పేరెత్తుతారు. "తొమ్మిది నెలల్లో గెలవలేదా?" గెలిచారు. పార్టీ ఆయనదే, బీ-ఫారం ఇచ్చేదీ ఆయనే. ఇక్కడ బీ-ఫారం లేదు, ఇచ్చే అధినేతా లేడు. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రూలు, ఒక్కో గడువు. అయినా జనం వస్తే ఓట్లు వచ్చినట్టేనా అన్నది మనకు తెలియని సంగతి కాదు. 2009లో చిరంజీవి సభల ఫోటోలు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. 294లో 18 సీట్లు. పాలకొల్లులో స్వయంగా ఆయనే ఓడిపోయారు.

అమెరికాలో దీనికి పాత పాఠం ప్యాట్ బుకానన్. సీఎన్ఎన్ 'క్రాస్‌ఫైర్' చర్చల్లో కూర్చునే మనిషి. 1992లో గద్దె మీదున్న బుష్‌కు సొంత పార్టీలోనే ఎదురు నిలబడి న్యూ హాంప్‌షైర్ ప్రైమరీలో 37 శాతం తెచ్చుకున్నాడు. పేపర్లన్నీ గగ్గోలు. ఆ ఏడాది ఒక్క రాష్ట్రమూ గెలవలేదు. 1996లో అదే న్యూ హాంప్‌షైర్‌లో బాబ్ డోల్‌ను రెండు వేల పైచిలుకు ఓట్లతో ఓడించాడు కూడా. నెల దాటేసరికి నామినేషన్ డోల్‌కు ఖాయమైపోయింది. 2000లో బుకానన్ రిఫార్మ్ పార్టీ తరఫున, కోటీ 26 లక్షల డాలర్ల ప్రభుత్వ నిధితో దిగాడు. దేశం మొత్తం మీద వచ్చింది 0.4 శాతం.

రేడియో హోస్ట్ లారీ ఎల్డర్‌ది ఇంకా విచిత్రం. 2021 కాలిఫోర్నియా రీకాల్‌లో, అంటే గవర్నర్‌ను మధ్యలోనే దించాలా అన్న ఓటింగ్‌లో, ప్రత్యామ్నాయ అభ్యర్థులందరిలోకీ ఎక్కువగా, 35 లక్షలకు పైగా ఓట్లు తెచ్చుకున్నాడు. రీకాల్ వీగిపోయింది, అది వేరే కథ. రెండేళ్లకు అధ్యక్ష పోటీకి దిగితే మొదటి డిబేట్ స్టేజీ కూడా ఎక్కలేకపోయాడు. 40 వేల మంది దాతలు, సర్వేల్లో కనీసం 1 శాతం అని పార్టీ గీత గీసింది. సర్వేల దగ్గర కుదరలేదని పక్కన పెట్టింది. అక్టోబరుకల్లా తప్పుకున్నాడు.

మా పనిలో ఉన్నవాళ్లు కొత్తగా చేరినవాళ్లకు చెప్పే కథ మాత్రం న్యూట్ గింగ్రిచ్‌ది. మాజీ స్పీకర్, ఫాక్స్‌లో రోజూ కనిపించిన మనిషి, ఇల్లు వర్జీనియాలోనే. 2011 డిసెంబరులో అక్కడి సర్వేల్లో ముందున్నాడు. బ్యాలెట్ మీద పేరు ఎక్కాలంటే 10 వేల సంతకాలు, మళ్లీ అందులో 11 నియోజకవర్గాల్లో ఒక్కోదాని నుంచీ కనీసం 400. డబ్బులిచ్చి పెట్టుకున్న మనిషి దొంగ సంతకాలు పెట్టాడు. వాటిని కొట్టేస్తే లెక్క తగ్గింది. సొంత రాష్ట్రంలో బ్యాలెట్ మీద పేరే లేదు! రిక్ శాంటోరమ్, రిక్ పెర్రీలకూ అదే గతి. చివరికి ఉన్నవి రోమ్నీ, రాన్ పాల్, రెండే పేర్లు. సంతకాల కాగితాలు ఒక్కొక్కటీ తిప్పుతూ, ఈ అడ్రసు ఏ నియోజకవర్గంలోకి వస్తుందో మ్యాప్‌తో సరిచూస్తూ రాత్రి రెండింటిదాకా కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. ఆ పనిని ఏ కెమెరా చూపించదు, ఏ అభిమానీ చెయ్యడు. డబ్బులిచ్చి చేయించాలి, మళ్లీ తనిఖీ చేయించాలి.

"మరి ట్రంప్?" అంటారు. టీవీ షో ఉపయోగపడలేదని నేను అనను. కానీ 2016 సౌత్ కరోలినా చూడండి. ఆయనకు వచ్చింది 32.5 శాతం. నామినేషన్ తేల్చే పార్టీ ప్రతినిధులు, అంటే డెలిగేట్లు, 50కి 50 ఆయనకే. మిగతా ఓట్లు అయిదుగురు పంచుకున్నారు. విడిపోయిన ప్రత్యర్థులు, గెలిచినవాడికే మొత్తం ఇచ్చే రూలు, ఈ రెండూ కలిసొచ్చాయి. అయోవాలో అదే టీవీ స్టార్ టెడ్ క్రూజ్ చేతిలో ఓడాడు. కాబట్టి ఏ హోస్ట్ గురించైనా నన్నడిగితే నేను అడిగేది ఎదురుగా ఎంతమంది, ఏ రాష్ట్రంలో రూలేంటి, సంతకాలు ఎవరు తెస్తున్నారు అని. వ్యూస్ ఎన్ని అని అడగను.

ఈ అపోహ వల్ల పోయేది నిజమైన డబ్బు. "ఫలానా ఆయన్ని నిలబెడదాం" అంటూ కమిటీలు పుడతాయి. పెద్ద ఫోటో, ఎర్రటి బటన్. ఆ డబ్బు ఆయనకు చేరాలని రూలేం లేదు, చాలాసార్లు మళ్లీ చందాలు అడిగే ఈమెయిళ్లకే ఖర్చవుతుంది. 2023 వేసవిలో మా పిన్నికొడుకు అలాంటి ఒకదానికి 250 డాలర్లు కొట్టాడు. వాడు హెచ్1బీ మీద ఉన్నాడు. "ఎందుకురా?" అంటే, "రేపు ఎవరైనా అడిగితే మనమూ వాళ్ల మనిషినే అని చూపించుకోవచ్చని అక్కా" అన్నాడు. కోప్పడదామనుకున్నాను, వాడి మొహం చూసి నోరు రాలేదు.

గ్రీన్ కార్డు ఉంటే ఇవ్వొచ్చు. హెచ్1బీ, ఎఫ్1 మీద ఉన్నవాళ్లు అమెరికాలో ఏ ఎన్నికకూ, ఏ అభ్యర్థికీ, ఏ కమిటీకీ ఒక్క డాలరు ఇవ్వకూడదు. ఇది చట్టం. "నేను పౌరుణ్ణి లేదా శాశ్వత నివాసిని" అన్న చిన్న గడి మీద వాడు చదవకుండా టిక్ పెట్టేశాడు. ఇద్దరం కూర్చుని, పొరపాటు జరిగింది, వాపసు చెయ్యండి అని రాశాం. ఏడు వారాలకు చెక్కు వచ్చింది. ఆ ఈమెయిళ్లన్నీ ప్రింట్ తీసి ఇమిగ్రేషన్ లాయర్‌కు చూపించమన్నాను, అక్కడ నా మాట చెల్లదు కాబట్టి. మీలో ఎవరైనా ఇలా చేసి ఉంటే దాచుకోకండి, ఇవాళే రాయండి.

మిగతావి గబగబా.

ఎన్నికల కమిషన్‌కు అభ్యర్థినని ఫారం వేశాడంటే అభ్యర్థి అయిపోయినట్టా? ఆ ఫారం ఎవరైనా వెయ్యొచ్చు. 2015లో అయోవాలో 15 ఏళ్ల కుర్రాడు జోకు పేరుతో వేస్తే వార్తల్లోకెక్కింది.

పోటీ చేస్తూ షో నడుపుకోవచ్చా? ఛానెళ్లే ఒప్పుకోవు. 2011లో ఇంకా పోటీ ప్రకటించకముందే గింగ్రిచ్, శాంటోరమ్‌ల కాంట్రాక్టులను ఫాక్స్ ఆపేసింది. 2007లో ఫ్రెడ్ థాంప్సన్ దిగితే ఆయన నటించిన 'లా అండ్ ఆర్డర్' పాత ఎపిసోడ్లను ఎన్‌బీసీ పక్కన పెట్టింది.

హోస్ట్ అధ్యక్షుడైతే హెచ్1బీ రద్దా? ఏటా 85 వేల వీసాలన్నది కాంగ్రెస్ చేసిన చట్టం, ఒక్క సంతకంతో పోదు. అలాగని భయం ఉత్తదే అని అబద్ధం చెప్పను. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు ఒక్క ప్రకటనతోనే వచ్చింది కదా. ఆ రాత్రి నాకు వచ్చిన ఫోన్లు లెక్కలేదు. కానీ ఆ సంతకం పెట్టింది కుర్చీలో ఉన్నాయన. స్టూడియోలో కూర్చున్నాయన్ని చూసి ఇల్లు కొనడం మానుకోకండి.

ఇది రాస్తుంటే తెనాలి నుంచి అమ్మ ఫోన్. "ఏమే, ఆ టీవీ ఆయన వచ్చేస్తున్నాడట, తమ్ముడి వీసా ఉంటుందా?"

"ముందు ఆయన నామినేషన్ గెలవాలి కదమ్మా."

"అయ్యో, యూట్యూబ్‌లో ప్రమాణ స్వీకారం కూడా చూపించారే!"