పండ్లే కదా తాతా, పైసలు కాదు కదా!

బిడ్డలారా,

దసరా సెలవులకు మీరు ఊరికి వచ్చినప్పుడు మీ నాన్న పంచాయతీ కార్యదర్శి ఇంటికి బత్తాయిల సంచి పంపబోతే నేను ఆపేశాను, గుర్తుందా? "పండ్లే కదా తాతా, పైసలు కాదు కదా!" అని చిన్నోడు అడిగాడు. అందరి ముందు చెప్తే మీ నాన్న నొచ్చుకుంటాడని అప్పుడు ఊరుకున్నాను.

తోటలో కాసిన బత్తాయిలు చుట్టాలకు, ఇరుగుపొరుగుకు పంచడం మన నల్లగొండ వాళ్లకు అలవాటే, అందులో తప్పేం లేదు. కానీ మన కొత్త ఇంటి నంబరు కాగితం ఇప్పుడు ఆ కార్యదర్శి టేబుల్ మీద ఉంది. ఇలాంటి సమయంలో పంపే సంచిని ఆయన పండ్ల సంచిగా చూడలేడు, మనమూ చూడలేం.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక మండల ఆఫీసులో పింఛన్ల కాగితాలు చూసేవాణ్ని. ఒక అవ్వ వచ్చి కొంగు చాటు నుంచి పాలడబ్బా ఒకటి తీసి నా ముందు పెట్టింది. మూత తీస్తే తవుడు, తవుడులో నాటుకోడి గుడ్లు, పగలకుండా ఒక్కొక్కటే దాచి తెచ్చింది. వద్దంటే "గరీబుదాన్నని తీస్కోవా బిడ్డా" అంది, ఆ మాటకు నా చేయి లేవలేదు, తీసుకున్నాను. సాయంత్రం కాగితాల కట్ట సర్దుతుంటే ఆమెది పైకి వచ్చింది. నేనే పెట్టాను. దాని కిందికి పోయింది నాలుగు రోజుల ముందు చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చిన ఒక తల్లి కాగితం, ఆమె ఏమీ తేలేదు, తేవడానికి ఏమీ లేదు. ఆమె పేరు ఆ నెల జాబితాలో ఎక్కలేదు. నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. పన్నెండు గుడ్లు. ఇప్పటికీ లెక్క గుర్తుంది.

ఇట్లాంటివి జరగకూడదనే ఉద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమాలు ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చినవే తెలంగాణలోనూ నడుస్తున్నాయి. ఉద్యోగే కాదు, అతని ఇంట్లోవాళ్లు కూడా ప్రభుత్వ అనుమతి లేకుండా విలువైన కానుకలు తీసుకోకూడదు. పెళ్లికో పండుగకో చుట్టాలు, దోస్తులు ఆచారం ప్రకారం పెట్టేవి వేరు.

ఇంకా గట్టిది 1988 నాటి అవినీతి నిరోధక చట్టం, దాన్ని 2018లో మార్చారు. అందులోనే ఒక ఉదాహరణ రాసి పెట్టారు: మామూలు రేషన్ కార్డు దరఖాస్తు టైముకు చేసిపెట్టడానికి ఉద్యోగి ఐదు వేలు అడిగితే అది నేరం. అడిగితే చాలు, పైసలు చేతికి రానక్కర్లేదు, చేసింది సక్రమమైన పనే అయినా సరే. శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు, జరిమానా. నోట్లే అవ్వాలనీ లేదు, ఫోనైనా మేకపోతైనా అంతే. "దావత్ ఇయ్యి", "చాయ్ పైసలు" అని పేరు మార్చినా తేడా రాదు. సర్పంచ్, వార్డు మెంబరు, కౌన్సిలర్ కూడా ఈ చట్టం కిందికే వస్తారు.

ఇచ్చినవాళ్లూ తప్పించుకోలేరు, ఇది చాలామందికి తెలియదు. లంచం ఇచ్చినవాళ్లకు కూడా ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. బలవంతం మీద ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లోపు పోలీసులకో అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ)కో చెప్పాలి, అప్పుడు నేరం అంటదు. ఏసీబీ నంబరు 1064, ఫోన్‌లో సేవ్ చేసుకోండి. ఫిర్యాదు చేస్తే వాళ్లు నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూసి పంపుతారు. తీసుకున్న చేతులను బట్టల సోడా (సోడియం కార్బొనేట్) కలిపిన నీళ్లలో ముంచితే ఆ నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. పేపర్లో ఏసీబీ వార్త పక్కన ఫొటోలో గులాబీ నీళ్ల సీసాలు చూస్తారే, అవి ఇవే.

మీ నాన్నకు టెన్షన్ వద్దని చెప్పండి. ఇంటి నంబరు దరఖాస్తు రశీదు నా దగ్గరే ఉంది. కాగితం ఇంకా ఆగితే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో నేనే అర్జీ ఇస్తాను, లేదా ఎందుకు ఆగిందో సమాచార హక్కు కింద రాసి అడుగుతాను. నంబరు వచ్చాక సంతోషంతో పంపుదామంటాడేమో, అదీ వద్దనండి, రేపు మళ్లీ ఏదో కాగితం పడుతుంది.

బత్తాయిలు వసారాలోనే ఉన్నాయి, మెత్తబడకముందే ఆదివారం వచ్చి తీసుకుపోండి.

మీ తాత