ఒక్క పాయింటు తేడాతో ఓడిన రాత్రి: కాలేజీ ఫుట్‌బాల్ అభిమానుల కోపంపై అపోహలు - వాస్తవాలు

అమెరికా దక్షిణాదిలో ఒక పెద్ద యూనివర్సిటీ ఉన్న ఊళ్ళో నేను కౌన్సెలర్‌గా పనిచేస్తాను. సెప్టెంబరు వచ్చిందంటే ఇక్కడ పెళ్ళి ముహూర్తాలు కూడా ఫుట్‌బాల్ షెడ్యూల్ చూసుకునే పెట్టుకుంటారు. శనివారం మ్యాచ్ పోతే సోమవారం నా గదిలో తెలిసిపోతుంది. నిద్ర పట్టడం లేదనో, రూమ్మేట్‌తో మాటామాటా వచ్చిందనో మొదలుపెడతారు. కాసేపటికి మాట నాలుగో క్వార్టర్ మీదికి మళ్ళుతుంది.

ఇది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. ఆట తెలియనివారికి రెండు ముక్కలు. నాలుగు ప్రయత్నాల్లో బంతిని పది గజాలు ముందుకు తీసుకెళ్ళాలి. అవతలి చివర దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఆపైన చిన్న కిక్కు కొడితే ఇంకొకటి. అంతదూరం వెళ్ళలేకపోతే బంతిని రెండు కంబాల మధ్య నుంచి తన్ని మూడు పాయింట్లు తెచ్చుకోవచ్చు. దాన్నే ఫీల్డ్ గోల్ అంటారు. సీజన్ మొత్తానికి పన్నెండు లీగ్ మ్యాచ్‌లే. అందుకే ఒక్కటి పోయినా గుండె గుభేలుమంటుంది.

అపోహ: చిత్తుగా ఓడటం కంటే కొద్దిలో ఓడటమే నయం

ఊళ్ళో పిల్లలకు ఫోన్ చేసే అమ్మానాన్నలు ఎక్కువగా అనే మాట ఇది. "పోనీలేరా, బాగానే ఆడారుగా, ఒక్క పాయింటేగా!" ఆ "ఒక్క పాయింటే" అసలు బాధ.

ముప్ఫై పాయింట్లతో ఓడితే "ఇలా జరిగి ఉంటే" అని ఊహించుకోవడానికి ఏమీ మిగలదు. ఒక్క పాయింటుతో ఓడితే ప్రతి ఆటా ఒక "అలా కాకపోయి ఉంటే" అవుతుంది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో పతకాలు గెలిచినవారి ముఖాలను అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు వీడియోల్లో పరిశీలించారు. రజతం వచ్చినవారి కంటే కాంస్యం వచ్చినవారే సంతోషంగా కనిపించారు. రజతం వచ్చినవాళ్ళు చేజారిన స్వర్ణాన్ని తలచుకుంటారు. కాంస్యం వచ్చినవాళ్ళు అసలు పతకమే రాకుండా పోయేదని ఊపిరి పీల్చుకుంటారు.

తిండి మీద కూడా ఇది పనిచేస్తుంది. ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్ మ్యాచ్‌ల మీద 2013లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, జట్టు ఓడిన మర్నాడు సోమవారం ఆ ఊరివాళ్ళు తినే సంతృప్త కొవ్వు మామూలు కంటే 16 శాతం పెరిగింది. గెలిస్తే 9 శాతం తగ్గింది. ఓటమి తేడా తక్కువైనప్పుడు, అభిమానం ముదిరిన ఊళ్ళలో ఈ ప్రభావం మరీ ఎక్కువ. ఆదివారం రాత్రి మూడో బిర్యానీ పొట్లం ఎందుకు విప్పానో తెలియడం లేదని ఒక అబ్బాయి అన్నప్పుడు నాకు ఈ అధ్యయనమే గుర్తొచ్చింది.

అపోహ: ఆ కిక్కర్ వల్లే ఓడిపోయాం

దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి. 2013 నవంబరు 30, ఆబర్న్ ఊరి జోర్డాన్-హేర్ స్టేడియం. ఒకే రాష్ట్రానికి చెందిన అలబామా, ఆబర్న్ జట్ల మధ్య ఏటా జరిగే ఐరన్ బౌల్. అలబామా అప్పటికి వరుసగా రెండేళ్ళ జాతీయ చాంపియన్, దేశంలో నంబర్ వన్. స్కోరు 28-28. సమయం అయిపోయిందనుకున్నారు. అలబామా కోచ్ నిక్ సేబన్ అడిగితే రీప్లే చూసి గడియారానికి ఒక్క సెకను తిరిగి కలిపారు. ఆ ఒక్క సెకనులో 57 గజాల ఫీల్డ్ గోల్‌కి ప్రయత్నించారు. బంతి చాలలేదు. వెనక గీత దగ్గర కాచుకుని ఉన్న క్రిస్ డేవిస్ దాన్ని పట్టుకుని మైదానం ఈ చివర నుంచి ఆ చివరిదాకా పరుగెత్తాడు. ఆబర్న్ 34, అలబామా 28.

ఆ రాత్రి అందరి నోటా నానిన పేరు అలబామా కిక్కర్ కేడ్ ఫోస్టర్. ఆ చివరి కిక్కు కొట్టింది అతను కాదు. అంతకుముందు అతను కొట్టిన మూడు కిక్కులు వృథా అయ్యాయి, వాటిలో ఒకదాన్ని ఆబర్న్ ఆటగాళ్ళు అడ్డుకున్నారు. ఆన్‌లైన్‌లో చంపుతామనే బెదిరింపులు వచ్చాయి. మాజీ అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ తన చేత్తో ఉత్తరం రాసి ధైర్యం చెప్పాల్సి వచ్చింది.

మూడు కిక్కులంటే తొమ్మిది పాయింట్లు, ఓడింది ఆరింటితో. లెక్క చూస్తే అభిమాని మాటలో నిజం ఉన్నట్టే ఉంటుంది. కానీ అదే మ్యాచ్ నాలుగో క్వార్టర్‌లో, ముందంజలో ఉండగా, ఆబర్న్ గీతకు 13 గజాల దూరంలో ఒక్క గజం కావాల్సిన చోట అలబామా కిక్కు వద్దనుకుని పరుగుకే వెళ్ళింది. ఆ గజం రాలేదు. ఆట ముగియడానికి 32 సెకన్ల ముందు ఆబర్న్ 39 గజాల టచ్‌డౌన్‌తో స్కోరు సమం చేసింది. చివరి కిక్కుకి దిగిన అలబామా ఆటగాళ్ళలో ఎక్కువమంది భారీ కాయులు, డేవిస్‌ను వెంటాడి పట్టుకోగల వేగం వాళ్ళకు లేదు. ఇన్ని జరిగినా గుర్తుండేది కిక్కే. కారణం సులువే. మిగతా ఆటలో ఇరవై రెండు మంది ఒకరి మీద ఒకరు పడుతుంటారు, తప్పు ఎవరిదో కనబడదు. కిక్కర్ ఒక్కడే నిలబడతాడు, కెమెరా అతని ముఖం మీదే ఉంటుంది.

ఇలా వచ్చినవాళ్ళను నేను మామూలుగా ఒకటే అడుగుతాను: "మూడో క్వార్టర్‌లో ఏం జరిగింది?" చివరి కిక్కు క్లిప్పును ఫోనులో పదేపదే చూసినవాడు కూడా ఇక్కడ తడబడతాడు. కాసేపు పైకి చూస్తాడు. తర్వాత ఒక పెనాల్టీ, చేజారిన ఒక పాస్, పంట్ (బంతిని దూరంగా తన్ని అవతలి జట్టుకు వదిలేయడం) తిరిగొచ్చిన సంగతి ఒక్కొక్కటే గుర్తుకొస్తాయి. అవి చెబుతున్నంతసేపూ గొంతు తగ్గుతూ వస్తుంది.

2015లో మిషిగన్ పంటర్ బ్లేక్ ఓనీల్ పరిస్థితీ ఇదే. పది సెకన్లు మిగిలి ఉండగా బంతి చేతిలోంచి జారింది, మిషిగన్ స్టేట్ దాన్ని టచ్‌డౌన్‌గా మార్చి 27-23తో గెలిచింది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఆ కుర్రాడికి వచ్చిన తిట్లు చూసి యూనివర్సిటీ క్రీడా విభాగం అధిపతే అభిమానులను మందలిస్తూ బహిరంగ లేఖ రాశారు. 2018లో సుప్రీంకోర్టు తీర్పుతో చాలా రాష్ట్రాల్లో పందేలకు దారి తెరుచుకున్నాక ఇది ఇంకో మలుపు తిరిగింది. ఇప్పుడు తిట్టేవాళ్ళలో జట్టు మీద అభిమానమే లేనివాళ్ళు, డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు కూడా ఉంటున్నారు.

అపోహ: రెఫరీలు అమ్ముడుపోయారు

ఆడలేక మద్దెల ఓడు అన్నారని తేల్చేయడం సులువు. రెఫరీలు తప్పులు చేస్తారన్నది నిజం, కొన్నిసార్లు మరీ ఘోరంగా. 1990లో మిస్సోరి మీద కొలరాడోకి నాలుగు ప్రయత్నాలకు బదులు ఐదు ఇచ్చేశారు. ఐదోదాంట్లోనే టచ్‌డౌన్ వచ్చింది. కొలరాడో 33-31తో గెలిచింది, రెఫరీల బృందాన్ని సస్పెండ్ చేశారు, ఫలితం మాత్రం మారలేదు. ఆ ఏడాది జాతీయ టైటిల్‌లో కొలరాడోకి వాటా కూడా దక్కింది. 1940లో ఇలాంటిదే జరిగినప్పుడు కార్నెల్ ఫిల్ము చూసుకుని, గెలిచిన మ్యాచ్‌ని తనంతట తానే డార్ట్‌మత్‌కి వదిలేసింది. ఇప్పటి రోజుల్లో అలా ఎవరైనా వదులుకుంటారని నేను అనుకోను.

అయితే తప్పు వేరు, కుట్ర వేరు. 1951లో డార్ట్‌మత్, ప్రిన్స్‌టన్ జట్ల మధ్య మోటుగా సాగిన ఒక మ్యాచ్ ఫిల్మును రెండు కాలేజీల విద్యార్థులకూ చూపించి, ఎవరు ఎన్ని తప్పులు చేశారో లెక్కపెట్టమన్నారు. ప్రిన్స్‌టన్ విద్యార్థులకు డార్ట్‌మత్ చేసిన తప్పులు తమ జట్టువాటి కంటే రెట్టింపు పైగా కనిపించాయి. డార్ట్‌మత్ వాళ్ళకు రెండు జట్లూ ఇంచుమించు సమానంగా కనిపించాయి. ఫిల్ము ఒకటే. అదీ టీవీ రీప్లేలు రాని రోజుల్లో. రీప్లేలు వచ్చాక గొడవ ఆగుతుందనుకున్నారు. ఇప్పుడు అదే ఫ్రేమును ఆపి, జూమ్ చేసి, రెండు పక్షాలూ రుజువుగా చూపిస్తున్నాయి.

అపోహ: లోపలున్నది కక్కేస్తే కోపం చల్లారుతుంది

చల్లారదు. 2002లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో విద్యార్థులకు కోపం తెప్పించి, కొందరిని తమను రెచ్చగొట్టినవాణ్ణి తలచుకుంటూ పంచింగ్ బ్యాగును గుద్దమన్నారు. ఇంకొందరిని వ్యాయామం అనుకుని గుద్దమన్నారు. మిగతావాళ్ళను ఊరికే కూర్చోమన్నారు. అందరికంటే కోపంగా, దూకుడుగా మిగిలింది మొదటి గుంపు. ఊరికే కూర్చున్నవాళ్ళే నయం. అర్ధరాత్రి దాకా గ్రూపులో తిట్లు టైపు చేయడమూ ఆ గుద్దుడు లాంటిదే, వేళ్ళతో అంతే.

పనికొచ్చేది ఒకటుంది. పైన చెప్పిన తిండి అధ్యయనంలోనే, ఓటమి చూశాక తమకు జీవితంలో ముఖ్యమైనవి ఏమిటో కాగితం మీద రాసినవారిలో ఆ జంక్ ఫుడ్ యావ కనిపించలేదు. నేనూ ఇది ఇస్తుంటాను. మగపిల్లలు మొదట నవ్వుతారు, తర్వాత రాస్తారు.

అపోహ: ప్రమాదమంతా ఓడినవాళ్ళ ఊళ్ళోనే

సగం నిజం. మ్యాచ్ హోరాహోరీగా సాగిన రోజుల్లో రోడ్డు ప్రమాద మరణాలు పెరుగుతాయని 2011లో ఒక పరిశోధన తేల్చింది. ఆ పెరుగుదల మ్యాచ్ జరిగిన చోట, గెలిచినవాళ్ళ ఊళ్ళో కనిపించింది. గెలిచిన ఉత్సాహంలో ఉన్నవాడి కారెక్కేముందు కూడా ఒకసారి ఆలోచించండి.

ఇంటి లోపలి సంగతి వేరు. ఎన్ఎఫ్ఎల్ మ్యాచ్‌లు, పోలీసు రికార్డులు కలిపి చూసిన ఇంకో పరిశోధనలో, తప్పక గెలుస్తుందనుకున్న సొంత ఊరి జట్టు అనూహ్యంగా ఓడిన రోజుల్లో భార్యల మీద, ప్రియురాళ్ళ మీద ఇంట్లో జరిగే దాడులు సుమారు 10 శాతం పెరిగాయి. ఇద్దరూ సమానమని ముందే అనుకున్న మ్యాచ్ ఓడితే పెద్ద తేడా లేదు. అంటే అసలు దెబ్బ స్కోరులో కంటే ఆశకీ ఫలితానికీ మధ్య దూరంలో ఉంది. చేయి లేచే ఇల్లయితే అది ఆట మీది బాధగా చూడకండి. నా దగ్గరికి వచ్చిన వదినలకూ చెల్లెళ్ళకూ చెప్పేది ఒకటే: ఆ రాత్రి సర్దిచెప్పే పని మీది కాదు, బయటికి వచ్చి 911కి ఫోన్ చేయండి.

అపోహ: ఇది మన ఆట కాదుగా, మనవాళ్ళకెందుకీ టెన్షన్

హైదరాబాదు నుంచో గుంటూరు నుంచో ఎంఎస్‌కి వచ్చిన పిల్లలు మొదటి సీజన్‌లో నియమాలు అడుగుతారు, రెండో సీజన్‌కి రెఫరీని తిడతారు. ఎవరూ తెలియని ఊళ్ళో, లక్షమంది ఒకే రంగు చొక్కాలు వేసుకున్న చోట, "మనం" అనే మాట వాడుకునే అవకాశం దొరకడం చిన్న విషయం కాదు. అందుకే ఓటమి కూడా సొంతమే అవుతుంది.

అపోహ: కోచ్‌ను పీకేస్తే అన్నీ సర్దుకుంటాయి

2013లో కొందరు రాజనీతి శాస్త్రవేత్తలు కాలేజీ జట్ల ఫలితాలు తవ్వి చూశారు. బాగా వెనకబడిన జట్లు కోచ్‌ను మార్చినా పెద్దగా ఒరిగింది లేదు. మధ్యరకం జట్లయితే మార్చినవే మార్చనివాటి కంటే వెనకబడ్డాయి. అయినా 2023లో టెక్సస్ ఏ అండ్ ఎం తన కోచ్‌ను తీసేసి 7.5 కోట్ల డాలర్లకు పైగా పరిహారం నెత్తిన వేసుకుంది. 2025 అక్టోబరులో పెన్ స్టేట్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ను తీసేసింది. అదే ఏడాది జనవరిలో ఆ జట్టు జాతీయ ప్లేఆఫ్ సెమీఫైనల్ దాకా వెళ్ళింది. పదవి పోగొట్టిన మూడు వరుస ఓటములు: ఆరెగన్ చేతిలో 30-24, యూసీఎల్ఏ చేతిలో 42-37, నార్త్‌వెస్టర్న్ చేతిలో 22-21. మూడూ కలిపితే 12 పాయింట్లు.

కోచ్ పోవాల్సిందేనని పట్టుబట్టి వచ్చినవాళ్ళతో నేను వాదించను. మరి ఎవరిని తెద్దాం అని అడుగుతాను. చాలామంది దగ్గర పేర్ల జాబితా సిద్ధంగా ఉంటుంది. ఆ జాబితా మీదికి మాట మళ్ళిందంటే నిద్ర దానంతటదే దారిలో పడుతుంది. రెండో అపాయింట్‌మెంట్‌ను వాళ్ళే రద్దు చేసుకుంటారు, ఎక్కువగా శుక్రవారం మధ్యాహ్నం, మర్నాడు మ్యాచ్ ఉందని.