ముట్లు ఆగిపోయాక పీసీఓడీ ఏమవుతుంది? అపోహలు - వాస్తవాలు

పోయిన నెల పాతపట్నం నుంచి ఒకావిడ మా క్లినిక్‌కి వచ్చారు, వయసు 51. ఏరు దాటితే ఒడిశాలోని మా పర్లాకిమిడే కాబట్టి ఆ వైపు వాళ్ళు ఇక్కడికి, ఇటు వాళ్ళు శ్రీకాకుళానికి వైద్యం కోసం తిరుగుతూనే ఉంటారు. ఆవిడ వచ్చింది కింద దురద అని. మూడు నెలలుగా మందుల షాపులో అడిగి ఏదో క్రీము రాస్తున్నారట, తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. కొంగు సర్దుకుంటుంటే మెడ వెనక చూశాను, నల్లగా, మందంగా, మఖమలు గుడ్డలా మడతలు పడి ఉంది. దాన్ని మురికి అనుకుని ఏళ్ళ తరబడి సున్నిపిండి పెట్టి రుద్దుతున్నారు. "పెళ్ళైన కొత్తలో ఎవరైనా పీసీఓడీ అన్నారా?" అని అడిగితే, "అవునమ్మా, నీటి బుడగలన్నారు, పిల్లల కోసం ఆరేళ్ళు మందులు వాడినాం. ఇప్పుడు ముట్లే ఆగిపోనాయి కదా, ఇంకేటుంటది?" అన్నారు. అక్కడే వేలు గుచ్చి షుగర్ చూస్తే 286. ఆ దురద షుగర్ వల్ల వచ్చిన ఫంగస్.

ఆవిడ తప్పేమీ లేదు. పీసీఓడీ అంటే పిల్లలు పుట్టకపోవడం, నెలసరి తప్పడం అనే చెప్పాం మనం అందరికీ, డాక్టర్లతో సహా. కాబట్టి పిల్లలు పుట్టేశాక, నెలసరి ఆగిపోయాక జబ్బు కూడా ముగిసిందనే అనుకుంటారు. మా క్లినిక్‌లో నలభై దాటిన వాళ్ళ దగ్గర నేను వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను (మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను).

అపోహ: ముట్లు ఆగితే పీసీఓడీ కూడా పోతుంది

పోదు. స్కానింగ్‌లో కనబడే ఆ "నీటి బుడగలు" నిజానికి బుడగలూ కావు, గడ్డలూ కావు, ఎదగడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయిన అండాల సంచులు. వయసుతో పాటు అవి తగ్గిపోతాయి, 50 దాటాక స్కానింగ్‌లో అండాశయం చిన్నగా మామూలుగా కనబడొచ్చు, అది చూసి "నయమైపోయింది" అంటారు. కానీ చాలామందిలో ఈ జబ్బుకి వేరు ఇన్సులిన్ దగ్గర ఉంటుంది. ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా అది సరిగ్గా పని చేయదు, అందుకని శరీరం ఇంకా ఎక్కువ తయారు చేస్తుంది, ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాన్ని రెచ్చగొట్టి మగ హార్మోన్లు పెంచుతుంది. నెలసరి ఆగాక ఈస్ట్రోజన్ (ఆడ హార్మోన్) పడిపోయి కొవ్వు తొడల నుంచి పొట్ట మీదికి చేరుతుంది, దాంతో ఇన్సులిన్ పనితీరు ఇంకా దెబ్బతింటుంది. అంటే ఇరవైల్లో ముట్ల రూపంలో కనబడిన జబ్బు యాభైల్లో షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ రూపంలో కనబడుతుంది. మెడ మీద ఆ నలుపు దానికి గుర్తు, ఏ సున్నిపిండికీ పోదు.

2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇదే చెప్పాయి: పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, పీసీఓడీకే డాక్టర్లు వాడే పేరు) జీవితాంతం ఉండేది, బరువు ఎంత ఉన్నా, వయసు ఎంతైనా, ఒకటి నుంచి మూడేళ్ళకోసారి షుగర్ పరీక్ష చేయించుకోవాలి. అదీ ఉత్త పరగడుపు షుగర్ కాకుండా, 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళు తాగించి రెండు గంటలకు మళ్ళీ చూసే పరీక్ష అయితే మంచిది. పరగడుపున 95 ఉండి రెండు గంటలకు 190 చూపించిన సన్నటి మనుషులు నా దగ్గర ఉన్నారు. బీపీ ఏడాదికోసారి తప్పకుండా చూపించుకోండి, కొలెస్ట్రాల్ ఒకసారి చేయించి, వచ్చిన దాన్ని బట్టి మళ్ళీ ఎప్పుడో అడగండి.

అపోహ: పీసీఓడీ ఉంటే ముట్లు తొందరగా ఆగిపోతాయి

తిరగేసి చెప్పాలి. అండాల నిల్వ వీళ్ళలో ఎక్కువ కాబట్టి మిగతా వాళ్ళకంటే ఓ రెండేళ్ళు, కొందరికి ఇంకొంచెం ఆలస్యంగానే ఆగుతాయి. మన దేశంలో సగటున 46, 47 ఏళ్ళకు ఆగుతాయి, పీసీఓఎస్ ఉన్నావిడకి 50 దాటినా వస్తుంటే కంగారు పడనక్కర్లేదు. ఇంకో విచిత్రం, జీవితమంతా రెండు నెలలకీ మూడు నెలలకీ వచ్చిన వాళ్ళకి నలభై దగ్గర పడేసరికి నెలనెలా రావడం మొదలవుతుంది. "ఇప్పుడు బాగైంది మేడమ్" అని సంతోషంగా చెబుతారు. అండాల సంఖ్య తగ్గుతూ వచ్చి మామూలు వాళ్ళ స్థాయికి దిగింది, అంతే, షుగర్ సంగతి అలాగే ఉంటుంది.

చుట్ట, ముఖ్యంగా మన వైపు పెద్దావిడలు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ, ముట్లని ఓ ఒకటి రెండేళ్ళు ముందే ఆపేస్తుంది. అందుకే నేను ప్రతి ఒక్కరినీ చుట్ట, గుడాఖు (పళ్ళకి రుద్దే పొగాకు ముద్ద) గురించి విడిగా అడుగుతాను, అత్తగారు బయటికి వెళ్ళాక అడుగుతాను.

ఆగిపోయాయని ఎలా తెలుస్తుంది? పన్నెండు నెలలు వరసగా రాకపోతే ఆగినట్టు లెక్క. పీసీఓఎస్ వాళ్ళతో వచ్చే చిక్కు ఇక్కడే, 30 ఏళ్ళప్పుడే ఎనిమిది నెలలు రాకుండా ఉన్న మనిషికి 46లో ఏడాది రాకపోతే అది ఏది? ఒళ్ళంతా సెగలు, రాత్రి చెమటకి జాకెట్టు తడిసిపోవడం, కింద పొడిబారడం లాంటివి కూడా తోడైతే ముట్లుడిగే దశే అని దాదాపు చెప్పొచ్చు. 45 లోపు అయితే, అండాశయం పని తగ్గిందేమో చూడటానికి ఎఫ్‌ఎస్‌హెచ్ రక్తపరీక్ష రాస్తాను. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఆ పరీక్ష నమ్మలేం, అది డాక్టర్‌కి ముందే చెప్పండి.

అపోహ: ఆగిన ముట్లు మళ్ళీ వస్తే చెడు రక్తం పోతున్నట్టు

నేను ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఇదే.

గర్భసంచి లోపలి పొరను ఈస్ట్రోజన్ పెంచుతుంది, అండం విడుదలయ్యాక వచ్చే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ దాన్ని పరిపక్వం చేస్తుంది, అది తగ్గగానే పొర ఊడిపోతుంది. పీసీఓఎస్‌లో అండం విడుదల కాని నెలల్లో ఆ ఊడ్చే పని జరగదు. ఏళ్ళ తరబడి పొర పెరుగుతూనే ఉంటుంది. వరి పొలంలో కలుపు తీయకుండా ఎరువు మాత్రం చల్లుతూ పోతే ఎలా ఉంటుందో అలా. కొందరిలో ఆ పొర మందమై, కణాలు మారి, క్యాన్సర్ దాకా వెళ్తుంది. పీసీఓఎస్ ఉన్న వాళ్ళలో గర్భసంచి పొర క్యాన్సర్ ముప్పు మిగతా వాళ్ళకంటే కొన్ని రెట్లు ఎక్కువ. అయినా చాలామందికి రాదు, భయంతో నిద్ర మానుకోనక్కర్లేదు. కానీ ఇది ముందే కూత పెట్టే క్యాన్సర్, పది మందిలో తొమ్మిది మందికి మొదట కనబడేది రక్తమే. అంత స్పష్టంగా ముందే చెప్పే జబ్బులు తక్కువ. ఆ మాట వినకుండా కూర్చుంటే ఎంత బాధో చెప్పలేను.

ఏడాది రాకుండా ఉండి తర్వాత ఒక్క చుక్క, ఒక గోధుమరంగు మరక, మూత్రానికి వెళ్ళినప్పుడు గుడ్డకి అంటిన గులాబీ రంగు, ఏదైనా సరే, వెంటనే చూపించుకోవాలి. అలా వచ్చిన వాళ్ళలో సుమారు పది మందిలో ఒకరికే క్యాన్సర్ ఉంటుంది, మిగతా వాళ్ళకి పొర పలచబడి పుండు పడటమో, చిన్న పాలిప్ (పిలకలా పెరిగిన కండ) ఉండటమో అవుతుంది. ఆ ఒక్కరు ఎవరో చూడకుండా తెలియదు. కింద నుంచి చేసే స్కానింగ్‌లో పొర 4 మిల్లీమీటర్లు గానీ అంతకు తక్కువ గానీ ఉంటే చాలావరకు ఊపిరి పీల్చుకోవచ్చు. ఎక్కువ ఉంటే సన్నటి గొట్టంతో ఓ ముక్క తీసి బయాప్సీకి పంపుతాం. ఓపీలోనే అయిపోతుంది, నెలసరి నొప్పిలాంటి నొప్పి కొద్దిసేపు ఉంటుంది.

నా దగ్గరికి గుణుపురం వైపు నుంచి ఒక టీచరమ్మ వచ్చారు, 54 ఏళ్ళు. ఎనిమిది నెలలుగా అప్పుడప్పుడూ మరక. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, కార్తీక మాసం పూజలు ఆగిపోతాయని. మళ్ళీ ముట్టు వచ్చిందంటే గుడికి వెళ్ళకూడదు, పీటల మీద కూర్చోకూడదు అని మరకల సంగతి దాచి ఆవిడ వంటా పూజా అన్నీ చేస్తూనే ఉన్నారు. మొదటి దశలోనే దొరికింది, బరంపురంలో ఆపరేషన్ అయింది, ఇప్పుడు బాగున్నారు. ఇంట్లో ఉన్న కోడళ్ళు, కూతుళ్ళు, పెద్దావిడ లోలంగాలు ఎండలో ఆరేసేటప్పుడు మరక కనబడితే గుసగుసలాడుకోకుండా నేరుగా అడగండి.

ఇంకా ముట్లు వస్తున్న వాళ్ళకి: మూడు నెలలు దాటినా రాకపోతే ఊరుకోవద్దు. పదిపన్నెండు రోజుల ప్రొజెస్టిరాన్ మాత్రలిస్తే పొర ఊడిపోతుంది, లేదంటే గర్భసంచిలో హార్మోన్ ఉన్న లూప్ వేస్తాం, అది ఏళ్ళ తరబడి పొరను పలచగా ఉంచుతుంది.

అపోహ: గర్భసంచి తీయించేస్తే గొడవే ఉండదు

మన రెండు వైపులా ఈ మాట చాలా తేలిగ్గా అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో గర్భసంచి తీయించుకున్న వాళ్ళు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు ఉంటే, ఆంధ్రలో దాదాపు 9 శాతం. అవసరం లేని ఈ ఆపరేషన్ల మీద 2023లో సుప్రీంకోర్టు కూడా రాష్ట్రాలకి ఆదేశాలిచ్చింది. క్యాన్సర్ ఉన్నా, మందులకి లొంగని రక్తస్రావం ఉన్నా తీయాల్సిందే, ఆ మాట నేనే చెబుతాను. పీసీఓడీ కోసం తీయడం మాత్రం అర్థం లేని పని. జబ్బు ఉన్నది గర్భసంచిలో కాదు, తీసేశాక కూడా ఇన్సులిన్ సంగతి అక్కడే ఉంటుంది. "ఎలాగూ కోస్తున్నాం కదా" అని 38, 40 ఏళ్ళకే అండాశయాలు కూడా తీసేస్తే ఒక్క రోజులో ముట్లుడిగిన దశలోకి తోసినట్టే, ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు రెండూ ముందుకు జరుగుతాయి. ఆపరేషన్ అన్నారంటే మూడు అడగండి: బయాప్సీ చేశారా, మందులో లూపో ప్రయత్నించారా, అండాశయాలు ఉంచుతారా. ఈ మూడింటికీ కోపం తెచ్చుకునే డాక్టర్ అయితే ఇంకొకరిని కలవండి.

అపోహ: గడ్డం మీద వెంట్రుకలు పీసీఓడీ వాళ్ళకి మామూలే

ఎప్పటి నుంచో ఉండి, కొద్దికొద్దిగా పెరిగితే అవును. మగ హార్మోన్లు వయసుతో తగ్గినా ఈస్ట్రోజన్ అంతకంటే ఎక్కువగా పడిపోతుంది కాబట్టి గడ్డం మీద పెరగడం, పాపిట దగ్గర పలచబడటం రెండూ ఒకేసారి జరుగుతాయి. పసుపు రాసి రుద్దినందువల్ల ఆ వెంట్రుకలు పోవు. దారంతో తీయించుకున్నా బ్లేడుతో తీసినా మందంగా పెరుగుతాయన్నదీ నిజం కాదు. కానీ ముట్లు ఆగాక కొత్తగా, ఆరు నెలల్లో గబగబా పెరిగి, గొంతు బొంగురుపోయి, మగవాళ్ళలా బట్టతల వస్తుంటే అది పీసీఓడీ ఖాతాలో రాయకూడదు. అండాశయంలోనో మూత్రపిండం పైన ఉండే అడ్రినల్ గ్రంథిలోనో మగ హార్మోన్ తయారు చేసే గడ్డ ఉందేమో చూడాలి. టెస్టోస్టిరాన్ పరీక్ష, స్కానింగ్ తప్పనిసరి.

అపోహ: పీసీఓడీ ఉంటే సెగలకి హార్మోన్ మందులు వాడకూడదు

వాడొచ్చు. సెగలకి అంత బాగా పని చేసే మందు ఇంకొకటి లేదు. 60 లోపు వాళ్ళకి, ముట్లు ఆగి పదేళ్ళు దాటని వాళ్ళకి లాభమే ఎక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉన్నా, కాళ్ళలో రక్తం గడ్డకట్టి ఉన్నా, కాలేయం జబ్బున్నా, కారణం తెలియని రక్తస్రావం ఉన్నా ఇవ్వం. బరువు ఎక్కువ ఉన్న వాళ్ళకి మాత్ర కంటే చర్మానికి రాసే జెల్ మేలు, రక్తం గడ్డకట్టే ముప్పు తక్కువ. గర్భసంచి ఉంటే ప్రొజెస్టిరాన్ తోడు ఉండి తీరాలి, ఎందుకో పైన చెప్పాను. 25 ఏళ్ళప్పుడు రాసిన పీసీఓడీ గర్భనిరోధక మాత్రల చీటీ పట్టుకుని 45లో మళ్ళీ కొనుక్కుని వేసుకోవద్దు, చుట్ట అలవాటున్న వాళ్ళు అసలు వద్దు.

అపోహ: ఈ వయసులో, అందులో పీసీఓడీతో, కడుపు రాదు

వస్తుంది. పైన చెప్పానుగా, నలభైల్లో నెలసరి నెలనెలా వస్తుందని, అంటే అండమూ విడుదలవుతోందన్నమాట. 50 లోపు ఆగితే రెండేళ్ళు, 50 తర్వాత ఆగితే ఏడాది, అప్పటిదాకా జాగ్రత్తపడాలి. సెగలకి వాడే హార్మోన్ మందు గర్భాన్ని ఆపదు.

అపోహ: అన్నం మానేసి చోడి (రాగి) అంబలి తాగితే షుగర్ రాదు

చోళ్ళు మంచివే. కానీ అంబలిలో సగం నూకలు పోసి, మెత్తగా ఉడికించి, పెద్ద చెంబుడు తాగితే షుగర్ పెరుగుతుంది, మధ్యాహ్నం పళ్ళెం నిండా చద్దన్నం తిన్నా పెరుగుతుంది. అన్నం మానమని నేను ఎవరికీ చెప్పను, మానలేరు కూడా. అన్నం సగం చేసి ఆ సగం చోట ఆకుకూర, ఉలవలు, గుడ్డు, చేప పెట్టమంటాను. రోజూ అరగంట చురుగ్గా నడవాలి, ఇంటి పని దాని కింద లెక్క కాదు, వారానికి రెండు రోజులు బరువులతో వ్యాయామం, నీళ్ళ బిందె ఎత్తినా పర్లేదు. బరువులో 5 శాతం తగ్గినా షుగర్, బీపీ కదులుతాయి. మెట్‌ఫార్మిన్ లాంటి షుగర్ మందులు ఒడిశాలో నిరామయ పథకం కింద ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగానే ఇస్తారు. రాత్రి గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టుంటే, పగలంతా మత్తుగా ఉంటే అదీ చెప్పండి, పీసీఓఎస్‌తో ఇది ఎక్కువే వస్తుంది, బీపీని పెంచుతుంది. పక్కన పడుకునే మనిషికే తెలుస్తుంది కాబట్టి ఆయన్నీ తీసుకురండి.

పాతపట్నం ఆవిడ మూడు వారాలకి మళ్ళీ వచ్చారు. దురద పోయింది, పరగడుపు షుగర్ 140కి దిగింది, పొర 3 మిల్లీమీటర్లే ఉంది. ఈసారి ఆవిడతో 24 ఏళ్ళ కూతురు కూడా వచ్చింది, తోడుగా, చున్నీ మెడ చుట్టూ తిప్పుకుని. చున్నీ తీయమని అడిగాను. ఆ అమ్మాయి మెడ కూడా అలాగే ఉంది. ఆమెకీ ఆ రోజే గ్లూకోజ్ పరీక్ష రాశాను.